ఒక మోకాలి దెబ్బతో రెండోదీ పోయిందా? డిసేబిలిటీ పెన్షన్ అప్పీలు ఇలా చేసుకోండి

మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు.

ఉదాహరణకు ఒకరి సంగతి చూద్దాం. ట్రైనింగులో పడి కుడి మోకాలికి దెబ్బ తగిలింది. మెడికల్ బోర్డు అది సర్వీసు వల్లే అని ఒప్పుకుని 30 శాతం రాసింది. ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి బరువంతా ఎడమ కాలి మీదే వేసి నడిచారు. ఇప్పుడు ఎడమ మోకాల్లోనూ గుజ్జు అరిగింది, నడుమూ పట్టేస్తోంది. వరి చేలో గట్టు దిగలేరు, కింద కూర్చోలేరు. దీని మీద దరఖాస్తు పెడితే "నానా" అని తిరస్కరణ వచ్చింది. అంటే సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు అని. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగనక్కర్లేదు.

ముందు డబ్బు లెక్క. 100 శాతం వైకల్యానికి డిసేబిలిటీ ఎలిమెంటు చివరి జీతంలో 30 శాతం. 50 లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా రౌండు చేస్తారు. సర్వీసు పూర్తిచేసి దిగినవారికీ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014లో రామ్ అవతార్ కేసులో చెప్పింది. లెక్కకు తీసుకునే జీతం 40,000 అనుకుంటే 30 శాతం వైకల్యానికి నెలకు 6,000. రెండో మోకాలిని కూడా ఒప్పుకుని, అన్నీ కలిపి వేసిన శాతం 50 దాటితే 9,000. అయితే రెండు శాతాలనూ నేరుగా కూడరు, బోర్డు కలిపి అంచనా వేస్తుంది. 2023 సెప్టెంబరు 21 తర్వాత దిగినవారికి కొత్త నిబంధనలు వేరు, వారు విడిగా కనుక్కోండి.

అసలు చిక్కు రుజువు దగ్గరే. సైన్యంలో చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాసి లేకపోతే, సర్వీసులో వచ్చినదాన్ని సర్వీసు వల్లే అనుకోవాలని, కాదని చూపే బాధ్యత ప్రభుత్వానిదేనని ధరమ్‌వీర్ సింగ్ కేసులో (2013) సుప్రీంకోర్టు అంది. ఎడమ మోకాలి నొప్పి సర్వీసులో ఉండగానే మొదలై ఉంటే ఈ తీర్పు మీకు పెద్ద బలం. దిగాక మొదలైతే మాత్రం పాత గాయానికీ దీనికీ లింకు మీరే చూపాలి.

"మోకాలి నొప్పి, విశ్రాంతి అవసరం" అన్న చీటీ అందుకు చాలదు. ఎముకల డాక్టరు గారిని ఇలా రాయమని అడగండి: మొదటి గాయం ఏది, ఎప్పుడు, దానివల్ల నడక ఎలా మారింది, రెండు కాళ్ల ఎక్స్‌రేల్లో ఏం కనిపిస్తోంది, వయసుతో వచ్చే అరుగుదల ఒక్కటే ఎందుకు కాదు. ఈ చివరి మాటే ముఖ్యం. బోర్డు మొదట పట్టుకునేది వయసునే, ఆ తర్వాత బరువును. జవాబు కాగితం మీద ముందే ఉండాలి. బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ లేకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో మీ రికార్డు ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఈఎంఈ, ఏఓసీ వారికి సికింద్రాబాదు, మద్రాస్ రెజిమెంటు వారికి వెల్లింగ్టన్.

తిరస్కరణ లేఖ అందాక ఆరు నెలల్లోగా రికార్డు ఆఫీసు ద్వారా మొదటి అప్పీలు వేయాలి. అదీ పోతే రెండో అప్పీలు, దానికీ ఆరు నెలలే. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. గడువు దాటినా పెన్షన్ కేసులు వింటారు గానీ, తర్‌సేమ్ సింగ్ తీర్పు (2008) ప్రకారం బకాయిలు మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇస్తారు. "వచ్చే సంక్రాంతి అయ్యాక చూద్దాంలే" అనుకుంటే పోయేది మీ డబ్బే.

2022లో జిల్లాలు మారాక మీ మండలం ఎన్టీఆర్‌లోకి వచ్చిందా, కృష్ణాలో ఉందా అన్న అనుమానంతో ఆగిపోకండి. దగ్గర్లోని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ఒరిజినల్ కాగితాలు ఎవరికీ ఇవ్వకండి. అప్పీలు పంపిన రిజిస్టర్డ్ పోస్టు రసీదు డిశ్చార్జి బుక్కులోనే పెట్టుకోండి. ఆరు నెలలైనా జవాబు రాకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, ఆ రోజుల లెక్కకు సాక్ష్యం ఆ రసీదే.