పురుగు అలవాటు పడదు

పత్తి పండే ఊళ్లలో జీవశాస్త్రం చెబుతూ రిటైరయ్యాను. పరిణామ సిద్ధాంతం మీద పిల్లలకూ పెద్దలకూ ఉన్న అపోహలు ఒకటే. కొత్తగా బడిలో చేరే టీచర్ల కోసం ఈ సూచనలు రాస్తున్నాను.

1. గులాబీ రంగు పురుగుతో మొదలుపెట్టండి. పిల్లలను చేలోకి తీసుకెళ్లి పచ్చికాయ ఒకటి కోయించండి. పైన రంధ్రం కనబడదు. లోపల మాత్రం గింజను తొలిచేసిన పురుగు, రంగు మారిన దూది ఉంటాయి. "బీటీకి పురుగు అలవాటు పడింది సార్" అంటారు. ఏ పురుగూ అలవాటు పడదు. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ మొక్కను తిన్న పురుగు చస్తుంది, లేకపోతే బతుకుతుంది. విషాన్ని తట్టుకునే జన్యువులతో పుట్టినవి ఎక్కడో కొన్ని ఉంటాయి. మిగతావి చచ్చాక గుడ్లు పెట్టేది అవే. తరాలు గడిచేకొద్దీ చేనంతా వాటి సంతానమే. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2010 నాటికే గుజరాత్‌లో దాన్ని తట్టుకునే గులాబీ పురుగు బయటపడింది. 2006లో తెచ్చిన, రెండు బీటీ జన్యువులున్న రకానికీ తర్వాత అదే గతి పట్టింది. విత్తనాలతో పాటు చిన్న నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చింది ఇందుకే. ఆ ప్యాకెట్ విత్తనాలు వేసిన వరుసల్లో పెరిగిన మామూలు పురుగులు, తట్టుకునేవాటితో జతకడితే పుట్టే సంతానంలో ఎక్కువ భాగం బీటీ మొక్క మీద చచ్చిపోతుంది. చాలామంది రైతులు ఆ ప్యాకెట్ వేయలేదు. నేను వాళ్లను తప్పుపట్టను. ఎందుకు వేయాలో అర్థమయ్యేలా చెప్పాల్సింది చదువుకున్న మనం.

2. మనిషి చింపాంజీకి పుట్టలేదు. ఇద్దరికీ మూలపురుషుడు ఒకడే, సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందటివాడు. పాలివాళ్లం మనం. అందుకే "మరి కోతులు ఇంకా ఎందుకున్నాయి?" అనే ప్రశ్న నిలవదు.

3. పరిణామానికి గమ్యం లేదు. గాలపగోస్‌లోని డాఫ్నే మేజర్ దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఏళ్ల తరబడి ఫించ్ పిట్టల ముక్కులు కొలిచారు. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయి పెద్దవి, గట్టివి మిగిలాయి. పెద్ద ముక్కున్న పిట్టలే ఎక్కువగా బతికాయి. 1983లో కుండపోత వానలు కురిశాక చిన్న గింజలు విరివిగా దొరికాయి. ఈసారి చిన్న ముక్కుకు మేలు జరిగింది. ఏ ముక్కు గొప్పదని అడిగితే ఏం చెబుతాం?

4. బలమున్నదే మిగులుతుందన్నది డార్విన్ సిద్ధాంతం కాదు. సంతానాన్ని మిగిల్చేదే లెక్క. బద్దెపురుగుకు పేగే లేదు, అయినా నిక్షేపంగా బతుకుతోంది.

5. అంతా యాదృచ్ఛికం అనుకోకండి. జన్యువుల్లో మార్పు యాదృచ్ఛికంగానే వస్తుంది, ఏది నిలవాలో తేల్చేది మాత్రం పరిసరాలు.

6. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామాన్ని తీసేసింది. పన్నెండో తరగతిలో ఉందంటారు. అది జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకే. పదితో చదువు ఆపి పత్తి సాగులోకి దిగే పిల్లలకు ఇంకెప్పుడు చెబుతారు? పుస్తకంలో లేకపోయినా మీరు చెప్పండి.