స్టార్టప్‌లో ఉద్యోగం అంటే ఏమిటి?

(పెద్ద తరగతి పిల్లలు అమ్మానాన్నలతో కలిసి చదవవలసిన పాఠం)

పిల్లలూ! "మీ అమ్మగారు, నాన్నగారు ఏం పని చేస్తారు?" అని తరగతిలో అడిగితే మీలో చాలామంది "కంప్యూటర్ పని" అని ఊరుకుంటారు. కొందరు మాత్రం "స్టార్టప్‌లో చేస్తారు, ఇంటికి ఆలస్యంగా వస్తారు" అంటారు. ఆ ఆలస్యం వెనుక ఏముందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొలక దశ

స్టార్టప్‌ను మన తెలుగు పత్రికలు "అంకుర సంస్థ" అని రాస్తున్నాయి. అంకురం అంటే మొలక. మొలక చెట్టవుతుందన్న ఆశ ఉంటుంది కానీ పూచీ ఉండదు. తొలి దశలో ఇలాంటి కంపెనీలో పది, పదిహేను మంది కూడా ఉండకపోవచ్చు. అమ్మడానికి సరుకు ఇంకా పూర్తిగా తయారై ఉండదు. పెట్టుబడిదారులు ఇచ్చిన డబ్బుతోనే జీతాలు ఇస్తారు. ఆ డబ్బు ఎన్నాళ్ళు వస్తుందో ఆ గడువును "రన్‌వే" అంటారు. బ్యాంకులో 18 లక్షల డాలర్లు ఉండి, నెలకు లక్షన్నర ఖర్చవుతుంటే రన్‌వే 12 నెలలు. విమానం రన్‌వే దాటేలోగా పైకి లేవాలి కదా! కంపెనీ కూడా అంతే. ఆ లోగా సొంత ఆదాయమో, కొత్త పెట్టుబడో రావాలి.

గరాజు, వంటిల్లు

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో ఊరిలో, ఆడిసన్ అవెన్యూ మీద ఒక చిన్న గరాజు ఉంది. 1939లో బిల్ హ్యూలెట్, డేవ్ ప్యాకార్డ్ అనే ఇద్దరు మిత్రులు 538 డాలర్లతో అక్కడ హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీని మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ గరాజును "సిలికాన్ వ్యాలీ జన్మస్థలం" అంటారు.

గరాజు సంగతి అందరూ చెబుతారు. వంటింటి సంగతి తక్కువమందికి తెలుసు. ఆ రోజుల్లో ప్యాకార్డ్ భార్య లూసీల్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేసేవారు. ఇల్లు గడవడానికి ఆ జీతం తోడ్పడేది. మిత్రులు తయారుచేసిన పరికరాల పలకలకు రంగు వేసి, ఆమె వంటింటి ఓవెన్‌లోనే కాల్చేవారు. ఆ తరువాత అందులో వండిన మాంసానికి మునుపటి రుచి రాలేదని ఆమె అంటుండేవారట!

అంటే ఆ కంపెనీలో పనిచేసింది ఇద్దరే అయినా, దాని భారం ఇంట్లోవారు కూడా మోశారు. ఈనాటికీ అంతే.

పని ఎలా ఉంటుంది?

పెద్ద కంపెనీలో ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగిస్తారు. ఇక్కడ ప్రోగ్రాం రాసినవారే కస్టమరు ఫోనుకు జవాబు చెబుతారు, కొత్తవారిని ఇంటర్వ్యూ చేస్తారు, కుర్చీలు, బల్లలు బిగిస్తారు. మూడు నెలలు కష్టపడి చేసినదాన్ని "ఇది ఎవరికీ అక్కరలేదు" అని ఒక్కరోజులో పక్కన పెట్టవలసి రావచ్చు. అయినా చాలామంది ఈ పనిని ఇష్టపడతారు. నేర్చుకునేది ఎక్కువ. తమ మాటకు, తమ పనికి ఫలితం వెంటనే కంటికి కనిపిస్తుంది.

షేర్ల లెక్క

జీతం కొంత తక్కువైనా, స్టార్టప్‌లు "స్టాక్ ఆప్షన్లు" ఇస్తాయి. ఇవి షేర్లు కావు, ముందుగా నిర్ణయించిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కు మాత్రమే. ఒక లెక్క చేద్దాం.

అమ్మకు 9,600 ఆప్షన్లు ఇచ్చారనుకోండి. సాధారణంగా ఇవి 4 ఏళ్ళలో చేతికి వస్తాయి. ఏడాది నిండగానే 2,400, ఆపైన నెలకు 200 చొప్పున వస్తాయి. 11 నెలలకే మానేస్తే ఒక్కటీ రాదు. రెండేళ్ళకు మానేస్తే 4,800 వస్తాయి. ధర 50 సెంట్లయితే, వాటిని షేర్లుగా మార్చుకోవడానికి అమ్మే 2,400 డాలర్లు కట్టాలి. చాలా కంపెనీలలో దానికి గడువు 90 రోజులే. కంపెనీ అమ్ముడుపోయినా, మామూలుగా పెట్టుబడిదారులు తమ డబ్బు ముందు తీసుకుంటారు. మిగిలితేనే ఉద్యోగులకు.

మూతపడితే?

ఇంటర్నెట్‌లో కిరాణా సరుకులు అమ్మిన వెబ్‌వాన్ 1999 నవంబరులో స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. 2001 జూలైలో మూతపడింది. అలాంటప్పుడు జీతంతోపాటు ఆరోగ్య బీమా కూడా పోవచ్చు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఇంకో చిక్కు. 2017 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోగా కొత్త ఉద్యోగమో, వేరే దారో చూసుకోవాలి. అప్పుడు పిల్లల బడి, స్నేహితులు, ఇల్లు అన్నీ ఆ 60 రోజుల మీదే ఆధారపడతాయి.

తల్లిదండ్రులకు మనవి

స్టార్టప్‌లో చేరవద్దని మేము చెప్పడం లేదు. చేరేముందు నాలుగు సంగతులు అడగండి: రన్‌వే ఎన్ని నెలలు? మొత్తం షేర్లలో మీ వంతు ఎంత శాతం? బీమా ఎలా ఉంది? వీసా పనులు ఎవరు చూస్తారు? ఆ జవాబులు ఇంట్లో అందరికీ చెప్పండి. పిల్లలకు అన్నీ అర్థం కాకపోవచ్చు. కానీ ఇంట్లో ఏదో జరుగుతోందని వారికి తెలుస్తూనే ఉంటుంది. చెప్పకపోతే, నాన్న ఆలస్యంగా రావడానికి తామే కారణమేమో అనుకునే పిల్లలు కూడా ఉంటారు.

కొత్త మాటలు

అంకురం – మొలక
పూచీ – హామీ
పెట్టుబడి – వ్యాపారంలో పెట్టే డబ్బు
గడువు – పని పూర్తి కావలసిన సమయం

అభ్యాసం

1. బ్యాంకులో 24 లక్షల డాలర్లు ఉన్నాయి. నెలకు 2 లక్షలు ఖర్చు. రన్‌వే ఎంత?
2. పై లెక్కలో అమ్మ మూడేళ్ళు పనిచేస్తే ఎన్ని ఆప్షన్లు వస్తాయి?
3. లూసీల్ ప్యాకార్డ్ ఆ కంపెనీకి ఎలా సాయపడ్డారు? మూడు వాక్యాలలో రాయండి.
4. మీ అమ్మానాన్నలు ఈ వారం ఆఫీసులో చేసిన ఒక పని అడిగి తెలుసుకుని, వచ్చే వారం తరగతిలో తెలుగులో చెప్పండి.