మనమే ఓటేశాం, డబ్బు ఎటు పోయింది?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. వైద్యానికని నమ్మి 2016లో సిగరెట్ పన్నుకు ఓటేశాను. ఇప్పుడు వేప్ (ఈ-సిగరెట్) మీద మరో పన్నట. దీనికి మమ్మల్ని అడిగారా?

జవాబు: అడగలేదండీ, మీ కోపం సబబే. మీరు ఓటేసిన ప్రపొజిషన్ 56 వల్ల 2017 ఏప్రిల్ నుంచి పెట్టె మీద పన్ను 87 సెంట్ల నుంచి 2.87 డాలర్లకు పెరిగింది. అంటే ఒక్కో సిగరెట్‌కు 14 సెంట్ల పైమాటే. ఇది బిల్లులో విడిగా కనబడదు. టోకు పంపిణీదారు ముందే కట్టి పెట్టెకు స్టాంపు అంటిస్తాడు. వేప్ మీది 12.5 శాతం మాత్రం 2022 జులై నుంచి బిల్లులోనే విడిగా పడుతోంది. దాన్ని శాసనసభే విధించింది, జనం ఓటింగ్ లేదు.

అసలు గొడవ ఆ సిగరెట్ పన్ను డబ్బు దగ్గరే. మెడికాల్ (తక్కువ రాబడి వాళ్ల ప్రభుత్వ వైద్య పథకం) రోగులను చూసే డాక్టర్లకు ఎక్కువ ఇస్తారని జనం ఆశపడ్డారు. అప్పటి గవర్నర్ బ్రౌన్ ఓటింగ్ తర్వాతి తొలి బడ్జెట్ ప్రతిపాదనలో ఆ సొమ్మును మెడికాల్ మామూలు ఖర్చులకే మళ్లించబోయారు. డాక్టర్లు గట్టిగా పట్టుబట్టాకే అందులో కొంత వాళ్లకు దక్కింది. ఇది ఓటరుకు చేసిన అన్యాయమే అంటాను.

పన్ను మాత్రం ఉండాల్సిందే. ధర పెరిగితే ముందు వెనక్కి తగ్గేది కుర్రాళ్లే. అయితే పొగతాగేవాళ్లు తగ్గేకొద్దీ రాబడీ కరుగుతుంది, అప్పుడు ఆ వైద్య ఖర్చు ఎవరు భరిస్తారు? మీ అసెంబ్లీ సభ్యుణ్ని ఈ బడ్జెట్ సీజన్‌లోనే ఆ ప్రశ్న అడగండి.