దుంప నిద్రపోతే పోనివ్వండి

పిల్లలు అక్వేరియం కావాలని మారాం చేస్తున్నారా? కొనేముందు నీళ్లు కాచే గిన్నె అడుగు ఒకసారి చూడండి. తెల్లగా పొరకట్టి ఉంటే మీవి పప్పు ఉడకని నీళ్లే. గుడిబండ చుట్టుపక్కల బోర్ల మీద బతికే ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఆ నీళ్లలో మొదటే సుకుమారమైన మొక్క వేస్తే అదీ నిలవదు, పిల్లల సరదా కూడా నిలవదు. ముందు వాలిస్నేరియా ఇవ్వండి. కఠిన జలానికి అది తట్టుకుంటుంది, పిలకలు వేస్తుంది.

దాన్ని నిలబెట్టాక మడగాస్కర్ లేస్ మొక్క జోలికి వెళ్లవచ్చు. దీని లేతాకు కాస్త ఎర్రగా వస్తుంది. ఈనెల మధ్య గళ్లలోని కణాలు వాటంతటవే చనిపోయి, ఆకు జల్లెడలా మిగులుతుంది. పురుగు కొట్టిందని పిల్లలు కంగారు పడతారు. చెప్పేయకండి, భూతద్దం చేతికివ్వండి.

దీనికి చల్లని, మెత్తని నీళ్లు కావాలి. ఆర్వో నీళ్లలో కొంచెం బోరునీళ్లు కలపండి. ఆవిరైనంత మేర ఆర్వో నీళ్లే పోయండి, ఎందుకంటే నీళ్లు పోయినా ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. వారానికోసారి పావు వంతు మార్చండి. 25 డిగ్రీలు దాటితే మొక్క డీలాపడుతుంది కాబట్టి ఎండాకాలంలో కాక చలికాలంలో మొదలుపెట్టండి. ఎండ తగిలితే ఆకుల సందుల్లో పాచి పడుతుంది. దుంప తల ఇసుక పైకి కనబడాలి. గోల్డ్‌ఫిష్ వద్దు, పీకి పారేస్తుంది.

నీళ్లు మార్చే పని పిల్లలకే అప్పగించండి. రోజూ దుంపను కదిలించి చూడవద్దని మాత్రం చెప్పండి.

కొన్ని నెలలు ఏపుగా పెరిగాక ఆకులన్నీ రాలిపోతాయి. "అమ్మా, చచ్చిపోయిందే!" అని ఏడుస్తారు. దుంపను మెల్లగా నొక్కి చూడమనండి. గట్టిగా ఉంటే అది విశ్రాంతిలో ఉంది, చల్లని మూలలో నీళ్లలోనే ఉంచండి. మెత్తబడి కంపు కొడితే కుళ్లినట్టే. అప్పుడు రాత్రికి రాత్రి కొత్తది తెచ్చి పెట్టి మభ్యపెట్టకండి. ఉన్న మాట చెప్పండి, కాసేపు బాధపడనివ్వండి.

తీసేసిన మొక్క ఏదైనా సరే చెరువులో వేయనివ్వకండి. దక్షిణ అమెరికా నుంచి పూల అందానికి తెచ్చుకున్న గుర్రపు డెక్కే మన చెరువులను కమ్మేసింది. ఎండబెట్టించి, పెరట్లో కరివేపాకు పాదులో వేయించండి.