జన్మబలప్రవృత్తములు, ఔపసర్గికములు: శిశువుల మస్తిష్క వికారముల విచారము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ, వనపర్తి సీమ, నల్లమల నానుకొనియున్న నాగర్‌కర్నూలు ప్రాంతము చిరకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో భాగములై యుండి, 2016లో వేర్వేరు జిల్లాలైనవి. పండితపోషణ చేత గద్వాల సంస్థానమునకు 'విద్వద్గద్వాల' యను ప్రఖ్యాతి కలిగినది. ఇట్టి శాస్త్రపరిచయము గల సీమలో సైతము శిశువు మెడ నిలుపకున్నచో 'పూర్వజన్మ కర్మ' యనియు, జ్వరము వచ్చి కాలుసేతులు కొట్టుకొన్నచో 'పక్షిదోషము' అనియు చెప్పుట వినవచ్చుచుండును. ఈ మాటలకు శాస్త్రమే ఆధారమని తలచువారును కలరు. ఆయుర్వేద సంహితలు ఈ విషయమున ఏమి చెప్పినవో, నేటి వైద్యము దానిని ఎంతవరకు సరిదిద్దినదో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

సుశ్రుతుడు సూత్రస్థానము 24వ అధ్యాయమున వ్యాధులను ఏడు విధములుగా విభజించెను. శుక్రశోణిత దోషముల వలన కలుగునవి ఆదిబలప్రవృత్తములు. తల్లి అపచారము వలన గర్భమునందే కలుగునవి జన్మబలప్రవృత్తములు. పంగుత్వము, జాత్యంధత్వము, బధిరత్వము, మూకత్వము మొదలగువానిని ఈ రెండవ వర్గమున చేర్చెను. ఒకరినుండి మరియొకరికి సంక్రమించు రోగములను నిదానస్థానమున కుష్ఠాధ్యాయము చివర ఔపసర్గికములని పేర్కొనెను. కావున పుట్టుకతో వచ్చిన వికారము వేరు, బయటనుండి సంక్రమించిన వ్యాధి వేరు అను వివేకము ప్రాచీనులకు కలదని స్పష్టము.

ఇక చరకుని మతము. శారీరస్థానము రెండవ అధ్యాయమునకు 'అతుల్యగోత్రీయము' అని పేరు. అందు గర్భవికృతికి బీజము, ఆత్మకర్మ, గర్భాశయము, కాలము, తల్లి ఆహారవిహారములు అను హేతువులు చెప్పబడినవి. కర్మ వీనిలో ఒకటి మాత్రమే. తక్కినవన్నియు శరీరమునకు, కాలమునకు సంబంధించినవి. తరువాతి అధ్యాయమున, జడుల సంతానము జడులే కావలదా యను ఆక్షేపమునకు చక్కని సమాధానము కలదు. బీజమున ఏ అవయవమునకు సంబంధించిన భాగము చెడునో ఆ అవయవమే వికృతి నొందును. ఆ భాగము చెడనిచో వికృతి కలుగదు. దీనిని చూచి ప్రాచీనులు నేటి జన్యుశాస్త్రము నెరిగియుండిరనుట అతిశయోక్తి. కాని వారు హేతువును బీజమునందును వెదకిరనుట సత్యము. ఆ బీజము తల్లిదండ్రు లిరువురిది. అట్లుండగా వికలాంగ శిశువును కన్న తల్లినొక్కతెనే నిందించుట లోకమునకు అన్యాయమే గాక శాస్త్రమునకును విరుద్ధము.

నేటి వైద్యము ఈ హేతువులను మరింత స్పష్టము గావించినది. 1959లో డౌన్ లక్షణసముదాయమునకు 21వ క్రోమోజోము అదనముగా నుండుట కారణమని తేలినది, ఇది బీజవికృతి. మెదడు, వెన్నుపాములకు మూలమైన నాడీనాళము గర్భధారణమైన సుమారు 28 దినములకే మూసికొనును. అది సరిగా మూసికొననిచో శిశువు వెన్ను చీలియు, ఒక్కొక్కప్పుడు కపాలము లేకయు పుట్టును. అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమను సంగతియే తెలియదు. ఫోలిక్ ఆమ్లము ఈ వికృతిని చాలవరకు నివారించునని 1991లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి ప్రకటించిన పరీక్షలు నిరూపించినవి. గర్భధారణకు ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొనవలెనని నేటి వైద్యుల ఉపదేశము. తల్లికి అయోడిను చాలనిచో బిడ్డకు జడత్వ మూకత్వములు కలుగవచ్చును. గర్భిణికి రుబెల్లా సోకినచో శిశువు నేత్రములకు, చెవులకు, మెదడునకు హాని కలుగవచ్చును. ఈ సంబంధమును మొదట 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించెను. తీరని దౌహృదము, అనగా గర్భిణి కోరిక, వలన శిశువు కుబ్జుడో జడుడో యగునను సుశ్రుతుని మాట నేడు గ్రాహ్యము కాదు. గర్భిణి పోషణము శిశువు నంటునను దాని అంతరార్థము మాత్రము నిలిచియున్నది.

వివాహ విషయమున ఒక సందేహము తీర్చవలసియున్నది. గోత్రము భిన్నమైనచో దోషము లేదని పలువురి నమ్మకము. కాని మేనమామ కూతురికిని, అక్క కూతురికిని గోత్రము భిన్నమే యైనను రక్తసంబంధము మిక్కిలి సన్నిహితము. మేనరికపు దంపతులకు జన్యువులలో సగటున ఎనిమిదవ వంతు, మేనమామ మేనకోడండ్రకు నాలుగవ వంతు సమానముగా నుండును. ఇరువురిలోను గుప్తముగానున్న ఒకే దోషము బిడ్డయందు కలిసి ప్రకటితమగుటకు ఇందుచే అవకాశము హెచ్చును. బౌధాయనుడు మేనమామ కూతురిని పెండ్లాడుటను దాక్షిణాత్యుల ఆచారముగా పేర్కొనెను. యాజ్ఞవల్క్యుడు మాతృపక్షమున అయిదు తరముల వరకు సాపిండ్యమును పాటింపవలెననెను. మేనరికమున పుట్టిన వారందరును రోగులని దీని యర్థము కాదు. అట్టి కుటుంబమున ఇదివరకే ఒక శిశువునకు వైకల్యమున్నచో మరల గర్భధారణకు ముందే వైద్యుని సంప్రతించుట కర్తవ్యము.

సంక్రమించు వ్యాధుల విషయమునకు వత్తము. సుశ్రుతుని ఉత్తరతంత్రమున తొమ్మిది బాలగ్రహములు వర్ణింపబడినవి. స్కందాపస్మారమున శిశువు స్మృతి తప్పుటయు, కాలుసేతులు కొట్టుకొనుటయు, నురుగు గ్రక్కుటయు లక్షణములు. శకుని యనగా పక్షి. మన పల్లెలలోని 'పక్షిదోషము' ఈ నామమునే స్మరింపజేయుచున్నది. లక్షణములను ప్రాచీనులు శ్రద్ధతో చూచిరి. హేతువును కనుగొనుటకు వారికి సాధనములు లేకుండెను.

నేడా హేతువులు చాలవరకు తెలిసినవి. మెదడువాపు కలిగించు జపనీసు ఎన్‌కెఫలైటిస్ వైరస్ పందులలోను, నీటి పక్షులలోను వృద్ధి పొంది, క్యూలెక్స్ దోమల ద్వారా శిశువులకు సోకును. ఆ దోమలు వరిమళ్ళ నీటిలో పెరుగును. జూరాల, కల్వకుర్తి నీళ్ళతో వరి విస్తరించిన ఈ సీమవారు ఈ సంగతి నెరిగియుండుట మంచిది. దీనికి టీకా కలదు. 1965లో మహారాష్ట్రలోని చాందీపురమున గుర్తింపబడిన చాందీపుర వైరస్ ఇసుక ఈగల వలన వ్యాపించును. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు సోకిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించిరి. పరిశోధకులు దీనికి ఈ వైరస్సే కారణమని తేల్చిరి. ఈ వ్యాధికి టీకా లేదు. జ్వరము మొదలైన ఒకటి రెండు దినములలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టి సమయమున తాయెత్తునకై, అంత్రమునకై గడపిన ఒక్క రాత్రియే శిశువునకు చివరి రాత్రి కావచ్చును. జ్వరముతో మూర్ఛ వచ్చినను, శిశువు మగతగా నుండి పిలిచిన పలుకకున్నను తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి.

నివారణము సాధ్యమని చెప్పుటకు నిదర్శనములు మన కన్నులయెదుటనే కలవు. భారతదేశమున పోలియో చివరి రోగి 2011 జనవరిలో కనబడెను; 2014లో దేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడెను. నవజాత శిశువుల ధనుర్వాతము ప్రజారోగ్య సమస్యగా తొలగినట్లు 2015లో నిర్ధారింపబడెను. ఇవి మంత్రముచే గాక టీకాచే, శుచియైన ప్రసవముచే సిద్ధించినవి.

నివారింపజాలని వైకల్యముతో పుట్టిన శిశువు మాట యేమి? దీనికి కాశ్యపసంహిత మార్గము చూపుచున్నది. నేపాళమున లభించిన ప్రతి ననుసరించి 1938లో ముద్రితమైన ఆ గ్రంథమున, ఏడాది నిండినను నడువని శిశువును 'ఫక్కుడు' అని చెప్పి, ఆ వ్యాధిని క్షీరజము, గర్భజము, వ్యాధిజము అని మూడు విధములుగా విభజించిరి. చికిత్సతోపాటు నడక యభ్యసించుటకై మూడు చక్రముల చిన్న రథమును చేయింపుమనిరి. శిశువు పూర్వజన్మమున నేమి చేసెనో యని విచారించుచు ఆ ఆచార్యులు కాలము గడపలేదు. నడువలేని కాళ్ళకు చక్రములనిచ్చిరి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము శిశువుల పుట్టుక లోపములను ముందుగా గుర్తించి చికిత్సకు పంపుటకే ఏర్పడినది. శిశువును అక్కడికి తీసికొనిపోవుట తల్లిదండ్రుల ధర్మము. ఆ తల్లిని నిందింపక తోడు నడచుట ఊరి ధర్మము. శాస్త్రము నధ్యయనము చేసినవారు ఈ మాటను తమ గ్రామములందు చెప్పుదురు గాక.