పైథాన్ కార్యప్రవాహంలో సమాంతర, అసమకాలిక చర్యలు: వ్యవసాయ వాతావరణ బులెటిన్ ఉదాహరణగా

వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహాల బులెటిన్ మంగళ, శుక్రవారాలలో వెలువడుతుంది. అంతకుముందు జిల్లాలవారీ ముందస్తు అంచనాలను, గడచిన రోజుల వర్షపాతాన్ని సేకరించాలి. వాటితో నేల తేమను, పురుగు దశను లెక్కించాలి. ఫలితాలన్నింటినీ ఒకచోట చేర్చి నిపుణుల ముందుంచాలి. ఈ పనుల గొలుసును పైథాన్‌లో ఒకదాని తరువాత ఒకటిగా రాసినప్పుడు మొదట ఎదురయ్యే ఇబ్బంది జాప్యం. ఆ జాప్యానికి కారణాలు రెండు. వాటిని వేరు చేసి చూడకుండా వేగం కోసం ప్రయత్నిస్తే ప్రయోజనం ఉండదు.

మొదటిది నిరీక్షణ. తెలంగాణలోని 33 జిల్లాల వర్షపాతాన్ని ఒక సర్వర్ నుండి తెప్పించుకుంటున్నామనుకుందాం. ఒక్కొక్క అభ్యర్థనకు 3 సెకన్లు పడితే మొత్తం 99 సెకన్లు. ఈ కాలమంతా మన కంప్యూటర్ దాదాపు ఖాళీగానే ఉంటుంది. రెండవది గణన. ప్రతి గ్రిడ్ గడికీ 30 సంవత్సరాల రోజువారీ ఉష్ణోగ్రతలను తీసుకొని పురుగు దశను అంచనా వేసేటప్పుడు ప్రాసెసర్‌కు క్షణం తీరిక ఉండదు. నిరీక్షణకు అసమకాలిక పద్ధతి, గణనకు సమాంతర పద్ధతి తగినవి.

అసమకాలిక పద్ధతికి పైథాన్‌లో అసింక్‌ఐఓ అనే గ్రంథాలయం ఉంది. అసింక్, అవెయిట్ అనే పదాలు 2015లో వచ్చిన 3.5 వెర్షన్‌తో భాషలో చేరాయి. ఒక అభ్యర్థన జవాబు కోసం ఆగినప్పుడు మరొకటి ముందుకు సాగుతుంది. 33 అభ్యర్థనలనూ ఒక్కసారిగా పంపవచ్చు గాని, పరుల సర్వర్‌పై అంత భారం వేయడం సబబు కాదు. సెమఫోర్‌తో ఒకేసారి 5కు మించకుండా కట్టడి చేసినా పని సుమారు 21 సెకన్లలో పూర్తవుతుంది. ఒక జాగ్రత్త అవసరం: అసింక్ ఫంక్షన్‌లో ఒక్క సాధారణ నిరీక్షణ చర్య, ఉదాహరణకు రిక్వెస్ట్స్ గ్రంథాలయపు పిలుపు, ఉన్నా మిగిలినవన్నీ దాని వెనుక నిలిచిపోతాయి.

గణన విషయంలో అడ్డంకి వేరు. సాధారణ పైథాన్‌లో జిఐఎల్ అనే తాళం వల్ల ఒక ప్రాసెస్‌లో ఒక సమయాన ఒక థ్రెడ్ మాత్రమే పైథాన్ ఆదేశాలను నడుపగలదు. అందుచేత భారమైన లెక్కలను వేర్వేరు ప్రాసెస్‌లకు పంచాలి. నంపై చేసే అనేక గణనలు ఈ తాళాన్ని వదిలిపెడతాయి కనుక, లెక్క అధికభాగం నంపైలోనే ఉంటే ముందు థ్రెడ్‌లతో ప్రయత్నించి చూడడం మేలు. ప్రాసెస్‌ల మధ్య పెద్ద పట్టికలను చేరవేయడానికే చాలా సమయం పోవచ్చు.

బర్ అనే కార్యప్రవాహ చట్రంలో ఈ రెండింటికీ చోటుంది. అందులో ప్రతి చర్య తాను స్థితి నుండి ఏ అంశాలను చదువుతుందో, ఏ అంశాలను రాస్తుందో ముందే ప్రకటిస్తుంది. ఉన్న స్థితిని అది మార్చదు. మార్పులతో కొత్త స్థితిని తిరిగి ఇస్తుంది. ఒకే చర్యను 33 జిల్లాల స్థితులపై నడపడానికి మ్యాప్‌స్టేట్స్, ఒకే జిల్లాపై వేర్వేరు చర్యలను నడపడానికి మ్యాప్‌యాక్షన్స్ అనే తరగతులున్నాయి. సాధారణంగా ఇవి థ్రెడ్‌లపై నడుస్తాయి. అసమకాలికమని ప్రకటిస్తే అసింక్‌ఐఓ ద్వారా సాగుతాయి.

విడివిడిగా నడిచిన చర్యల ఫలితాలను రెడ్యూస్ అనే దశ కలుపుతుంది. విద్యార్థులు ఎక్కువ సమయం వెచ్చించవలసినది ఈ దశపైనే అని నా అభిప్రాయం. ఒక జిల్లా సమాచారం రాలేదనుకుందాం. అసింక్‌ఐఓలోని గ్యాదర్‌ను మామూలుగా వాడితే మొదటి దోషం వెంటనే బయటపడుతుంది, కాని తక్కిన పనులు వెనుక నడుస్తూనే ఉంటాయి. 3.11 వెర్షన్‌లో వచ్చిన టాస్క్‌గ్రూప్ అయితే తక్కిన పనులను రద్దు చేస్తుంది. బులెటిన్‌కు ఈ రెండూ సరిపోవు. ఒక జిల్లా కోసం 32 జిల్లాలను వదులుకోలేము. కనుక ప్రతి చర్యకు కాలపరిమితి పెట్టి, దోషాన్ని దాని లోపలే పట్టుకొని, ఆ జిల్లా స్థితిలో ‘సమాచారం అందలేదు’ అని నమోదు చేయించాలి.

ఆ ఖాళీని సున్నాతో పూరించడం ప్రమాదకరం. వర్షపాతం 0 మి.మీ. అంటే వాన పడలేదని అర్థం. దాని ఆధారంగా నేల తేమ తగ్గినట్లు లెక్క తేలి, నీరు పెట్టమనే సలహా తయారవుతుంది. ముందు రోజే భారీ వర్షం కురిసిన పత్తి చేనుకు ఆ సలహా చేరితే నష్టపోయేది రైతు. కాబట్టి రెడ్యూస్ దశ అందని జిల్లాలను సగటులలో కలపకుండా, వాటి పేర్లను ముసాయిదా తొలి పేజీలోనే చూపాలి. సలహా రాసే శాస్త్రవేత్త ఆ జిల్లాలకు మాత్రమే సేకరణను మళ్లీ నడపవచ్చు, లేదా క్షేత్రస్థాయి కేంద్రానికి ఫోన్ చేసి వర్షపాతాన్ని తెలుసుకోవచ్చు.