ఊడలు దిగిన చెట్టు

మన క్రాన్‌బర్న్‌లోని రాయల్ బొటానిక్ గార్డెన్స్ 363 హెక్టార్ల విస్తీర్ణము గలది. 2006లో అందు ప్రారంభమైన ఆస్ట్రేలియా ఉద్యానములో, ఎర్ర ఇసుక తోట మొదలుకొని యూకలిప్టస్ వనముల వరకు, ఈ ఖండమునకు చెందిన మొక్కలే కలవు; మన మర్రికి అచ్చట చోటు లేదు. ఒక ఆదివారము తెలుగు తరగతి పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి, మర్రిమానును గూర్చి చెప్పుచుండగా ఒక బాలిక అడిగినది: “గురువుగారూ, మధ్యలోని మాను చచ్చిపోతే మిగిలినది అదే చెట్టా, వేరే చెట్టా?” నేను తడబడితిని. ఈ వ్యాసము ఆ బాలికకు నేను బాకీపడిన పాఠము.

మారిషస్‌లో పోర్ట్ లూయీ కంపెనీ తోటలోని మర్రిచెట్ల నీడన నడచినవారు మనలో అనేకులు కలరు. వాటి కొమ్మలనుండి త్రాళ్లవలె వ్రేలాడునవి ఊడలు. (గుడి తరగతిలో ఈ మాట రాక ‘జడలు’ అని వ్రాసితిని. మా గురువుగారు నవ్విరే గాని మార్కులు తగ్గింపలేదు. ఆ మాటయు వాడుకలో నున్నదని తరువాత తెలిసినది.) ఊడ అనగా వేరే, కాని కొమ్మనుండి పుట్టిన వేరు. గాలిలో నున్నంతకాలము అది సన్నగా నుండును. నేలను చేరిన పిమ్మట మట్టిలో పిల్లవేళ్లు వేసి, నీరు పీల్చుచు, ఏటేట లావెక్కి స్తంభమగును. అది మొదలు ఆ కొమ్మకు నీరు తల్లిమాను నుండియే రానక్కరలేదు.

ఊడలు లేని చెట్టు సంగతి ఎట్టిదో మెల్‌బోర్న్ తోటలోని ‘సెపరేషన్ ట్రీ’ తెలుపును. అది రివర్ రెడ్ గమ్ జాతి వృక్షము, ఆంధ్రలో జామాయిలు అని పెంచుచున్న చెట్లకు చుట్టము. విక్టోరియా న్యూ సౌత్ వేల్స్‌నుండి వేరగుచున్నదని 1850 నవంబరులో ప్రజలు దానిక్రింద సంబరము చేసికొనిరి. 2010లో ఒకసారి, 2013లో మరియొకసారి, ఎవరో దుర్మార్గులు దాని మొదట చుట్టును బెరడు చెక్కివేసిరి. ఆకులు వండిన ఆహారము బెరడు లోపలి పొరగుండా వేళ్లకు దిగును. నీరు అంతకు లోపలనున్న కలపగుండా పైకెక్కును. బెరడు పోయినను నీరు కొంతకాలము ఎక్కుచునే యుండును, చెట్టు పచ్చగానే కనబడును. క్రింద వేళ్లు మాత్రము ఆకలితో మాడుచుండును. ఆ వృక్షము ఇక బ్రతుకదని తేలినందున 2015లో దాని శిరోభాగమును తొలగించిరి. శతాబ్దములు పెరిగిన చెట్టునకు ప్రాణమార్గము ఆ ఒక్క మొదలే.

ఇక కలకత్తా ఎదుట, హౌరా వైపున, శిబ్‌పూర్ తోటలోని మహావటమును చూడుడు. దాని వయస్సు 250 సంవత్సరములకు పైబడినది. మారిషస్‌కు కూలీలను తెచ్చిన ఓడలనేకములు ఆ తోట ముందరి హుగ్లీ నదిలో సాగివచ్చినవే. అప్పటికే ఆ మర్రి అచ్చట నున్నది. 1864, 1867 తుపానులలో అది గాయపడినది. గాయములలో బూజు చేరి తల్లిమాను కుళ్లిపోగా, 1925లో దానిని కోసి తొలగించిరి. నేడు మధ్య భాగము ఖాళీ. చుట్టును మూడువేలకు మించిన ఊడలపై చెట్టు నిలిచియున్నది, ఇంకను విస్తరించుచున్నది.

మన తెలుగునాట కదిరి ప్రాంతమున తిమ్మమ్మ మర్రిమాను కలదు. దాని విస్తీర్ణము అయిదెకరములకు పైమాట, చుట్టుకొలత 846 మీటర్లు. 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. మహబూబ్‌నగర్ చెంతనున్న పిల్లలమర్రిలో తల్లిమాను ఏదో, పిల్లమాను ఏదో చూపరులకు తెలియదు. అట్లని అది చావులేనిది కాదు. 2017 చివర ఒక పెద్దకొమ్మ విరిగిపడినది. చెదలు పట్టినవని తెలిసికొని, 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు సీసాలు వ్రేలాడదీసి, చెట్టునకు బొట్టుబొట్టుగా మందు ఎక్కించిరి. ఒక్క గొడ్డలి చేయలేని పనిని చెదలు మెల్లగా చేయగలవు. ఊడలకు క్రింద మట్టి కూడ కావలెను. నేలంతయు సిమెంటు పరచి, వ్రేలాడు ఊడలను శుభ్రతకై కోసివేసినచో మర్రియు ఒంటిమాను చెట్టే యగును.

బాలిక ప్రశ్నకు నా సమాధానమిది: అదే చెట్టు. ప్రతి ఊడయు ఆ మొదటి గింజనుండి వచ్చిన కొమ్మలలో పుట్టినదే. కొత్త గింజ ఏదియు పడలేదు. శిబ్‌పూర్‌లో పోయినది చెట్టు కాదు, చెట్టులోని మొట్టమొదటి స్తంభము.

మెల్‌బోర్న్ ఉద్యానములలో మోర్టన్ బే ఫిగ్ అను మర్రిజాతి వృక్షములు కలవు. లార్డ్ హౌ ద్వీపపు తేమలో ఆ జాతి ఊడలు దింపి విస్తరించును. ఇచ్చటి పొడిగాలిలో ఊడ నేలకు దిగుట అరుదు. సెలవులలో పిల్లలు పెద్దలతో కూడి వెళ్లి, కొమ్మల క్రింద వెదకవలెను. ఊడ కనబడినచో తెంపక, దాని కొననుండి నేల ఎంతదూరమో దారముతో కొలిచి, ఆ దారమును తరగతికి తేవలెను.